గ్యాంగులను పట్టే టీమ్‌లోకి నేరుగా సెలక్షన్ ఉంటుందా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు. వయసు 23. మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ పూర్తిచేసి ఎస్సై పరీక్షకు చదువుకుంటున్నాను. మామూలు స్టేషన్ డ్యూటీ మీద నాకు ఆసక్తి లేదు. టాస్క్‌ఫోర్స్, ఎస్‌ఓటీ లాంటి, గ్యాంగుల మీద పనిచేసే టీముల్లోనే ఉండాలని కోరిక. శ్రీశైలం రోడ్డు పక్కన మా చిన్నాయనకు రెండెకరాలు ఉంది. అది అమ్మమని కొందరు కార్లలో వచ్చి బెదిరించి పోయారు. స్టేషన్‌కు పోతే "కూర్చొని మాట్లాడుకోండి" అన్నారు. అప్పటినుంచే నాకు ఈ పట్టుదల. ఆ టీముల్లోకి నేరుగా సెలక్షన్ ఉంటుందా? పైరవీ లేనిదే ఆ పోస్టింగులు రావని మా దోస్తులు అంటున్నారు, నిజమేనా? మా అమ్మ మాత్రం "ఏ టీచర్ ఉద్యోగమో చూసుకో, రౌడీలతో మనకెందుకు" అని ఏడుస్తోంది. ఇంకొక సంగతి. 2022లో గణేశ్ నిమజ్జనం రోజు ఊళ్లో కొట్లాట జరిగితే నా మీద కూడా 323, 341 సెక్షన్ల కింద కేసు పెట్టారు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. అది ఫారంలో రాయాలా, వద్దా?
— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం:

తమ్ముడూ, అన్నిటికంటే చివర, మొహమాటపడుతూ రాశావు చూడు, ఆ కేసు సంగతితోనే మొదలుపెడతా. ఎందుకంటే మిగతావన్నీ దాని తర్వాతే.

రాయి. తప్పకుండా రాయి. రాతపరీక్షలో నెగ్గినవాళ్లకు అటెస్టేషన్ ఫారం ఇస్తారు. నీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా అని అందులో అడుగుతారు. రాజీ అయిందా, కొట్టేశారా, నిర్దోషివా అన్నది ఆ తర్వాతి సంగతి. "కేసు అయిపోయింది కదా, ఇక లేనట్టే" అనుకొని చాలామంది "లేదు" అని రాస్తారు. స్పెషల్ బ్రాంచి వాళ్లు ఊరికి వచ్చి విచారించినప్పుడు, స్టేషన్ రికార్డు తిరగేసినప్పుడు ఆ పాత ఎఫ్‌ఐఆర్ బయటపడుతుంది. అప్పుడు వాళ్లు కొట్లాటను పట్టించుకోరు, నీ అబద్ధాన్ని పట్టుకుంటారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద విడమరిచి చెప్పింది. ఫారంలో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో జరిగిన చిన్నపాటి కేసైతే, దాన్ని దాచినా క్షమించే విచక్షణ నియమించే అధికారికి ఉంటుంది. నిజం చెప్పినా, తీసుకోవాలా వద్దా అన్నది మళ్లీ ఆ అధికారే చూస్తాడు. అంటే నిజం రాస్తే ఉద్యోగం ఖాయమని కాదు. కానీ 323, 341 అంటే మామూలుగా కొట్టడం, దారికి అడ్డం నిలబడటం. రాజీకి చట్టమే ఒప్పుకునే సెక్షన్లు. వీటి గురించి నిజం రాసినవాడికి వాదించుకోవడానికి జాగా ఉంటుంది, దాచినవాడికి ఆ జాగా బాగా ఇరుకైపోతుంది. లోక్ అదాలత్ అవార్డుకు సర్టిఫైడ్ కాపీ తీసుకో. నోటిఫికేషన్ వచ్చాక ఉరుకులు పరుగులు పెట్టేకంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

ఇక అసలు ప్రశ్న. గ్యాంగుల మీద పనిచేసే టీమ్‌కు నేరుగా సెలక్షన్ లేదు. రిక్రూట్‌మెంట్ బోర్డు నిన్ను సివిల్ ఎస్సైగానో, కానిస్టేబుల్‌గానో తీసుకుంటుంది, అంతే. హైదరాబాద్‌లో కమిషనర్ టాస్క్‌ఫోర్స్, నగరం చుట్టూ ఉన్న కమిషనరేట్లలో స్పెషల్ ఆపరేషన్స్ టీములు (ఎస్‌ఓటీ), నల్లగొండ లాంటి జిల్లాల్లో ఎస్పీ కింద సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్), టాస్క్‌ఫోర్స్. వీటన్నిటికీ మనుషులు స్టేషన్ల నుంచే వస్తారు. రాష్ట్ర స్థాయిలో సీఐడీ ఉంది, సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. మత్తుపదార్థాల ముఠాల కోసం పెట్టిన యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు 2025 జూన్‌లో ఈగల్ అని పేరు మార్చారు. వాటిలోకీ దాదాపు ఇదే దారి. గ్రేహౌండ్స్, ఆక్టోపస్ సంగతి వేరు. గ్రేహౌండ్స్ 1989లో నక్సల్స్ కోసం పుట్టింది, ఆక్టోపస్ ఉగ్రవాదం కోసం. వయసులో ఉన్నవాళ్లను, ఒంట్లో సత్తువ చూసి తీసుకుంటారు. అలవెన్సు ఎక్కువ, ట్రైనింగ్ కఠినం. కానీ అక్కడ నువ్వు కేసు దర్యాప్తు చెయ్యవు. నీ ఉత్తరం చదివితే నీకు కావాల్సింది అడవిలో ఆపరేషన్ కాదనిపిస్తోంది. చిన్నాయన ఇంటి ముందు కారు దిగినవాడి పని పట్టడం కావాలి నీకు. అది దర్యాప్తు పని. సివిల్ పోలీసు పని.

"మామూలు స్టేషన్ డ్యూటీ మీద ఆసక్తి లేదు" అన్నావు చూడు, అక్కడే నాకు నీతో పేచీ.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 111వ సెక్షన్ ఉంది. వ్యవస్థీకృత నేరం. కిడ్నాప్, బలవంతపు వసూళ్లు, భూకబ్జా, కిరాయి హత్య, డ్రగ్స్, సైబర్ నేరాలు, అన్నీ దీని కిందికి వస్తాయి. ప్రాణం పోతే ఉరి లేదా యావజ్జీవం. మిగతా వాటికి కనీసం ఐదేళ్లు, ఐదు లక్షలకు తగ్గకుండా జరిమానా. చూడటానికి బ్రహ్మాస్త్రమే. కానీ దాన్ని వాడాలంటే ఒక మెలిక ఉంది. ఆ ముఠా మనుషుల మీద గత పదేళ్లలో ఒకటికి మించి ఛార్జిషీట్లు పడి ఉండాలి. కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. అవి కూడా మూడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాలై ఉండాలి. అంటే ఇవాళ ఎస్పీ ఆఫీసులో పెద్ద టీమ్ కూర్చొని ఒక ముఠా మీద 111 పెట్టాలనుకుంటే, ఎప్పుడో ఆమనగల్లులోనో, దేవరకొండలోనో, మక్తల్‌లోనో ఒక ఎస్సై కూర్చొని ఒళ్లు దగ్గర పెట్టుకొని రాసిన ఛార్జిషీటు వాళ్ల చేతిలో ఉండాలి. ఆ రోజు ఆ ఎస్సై "మాట్లాడుకోండి పోండి" అని పంపేసి ఉంటే, ఈ రోజు ఆ ముఠా కాగితం మీద అసలు లేనే లేదు. మీ చిన్నాయనను తిప్పి పంపిన స్టేషన్‌లో జరిగింది సరిగ్గా అదే. గ్యాంగు బలిసేదీ, గ్యాంగు నడుము విరిగేదీ మామూలు స్టేషన్‌లోనే.

భువనగిరి నయీం కథ నీకు తెలిసే ఉంటుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ పేరు తెలియని ఇల్లు లేదు. ఒకప్పుడు నక్సలైటు. గ్రేహౌండ్స్‌ను నిలబెట్టిన ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను 1993లో చంపిన కేసులో నిందితుడు. తర్వాత భూముల సెటిల్‌మెంట్లు, బెదిరించి రిజిస్ట్రేషన్లు చేయించుకోవడం, వసూళ్లు. 2016 ఆగస్టు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాత ఐజీ స్థాయి అధికారితో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు. అతనితో సంబంధాలున్నాయన్న ఆరోపణల మీద 2017లో కొందరు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు కూడా. ఒక్కసారి ఆలోచించు. అన్నేళ్లు బాధితులు లేకనా కేసులు కాలేదు? స్టేషన్ గడప ఎక్కడానికి భయం. ఎక్కినా, ఆ మాట సాయంత్రానికి అవతలివాడికి చేరుతుందన్న భయం.

అందుకే, గ్యాంగ్ అంటే కత్తులు పట్టుకొని తిరిగే నలుగురు కుర్రాళ్లని అనుకోకు. వాళ్లను పట్టుకోవడం తేలిక, వారం తిరక్కుండా కొత్తవాళ్లు వస్తారు. వాళ్ల వెనక పెట్టుబడి పెట్టేవాడు ఒకడుంటాడు. కాగితాలు సరిచేసి పెట్టేవాడు ఒకడు. ఫోన్ చేసి "మనవాడే, చూడండి" అనేవాడు ఇంకొకడు. మన దగ్గర ముఠాలు కూడా సినిమాల్లోలాగా ఉండవు. గద్వాల ప్రాంతం పత్తి విత్తనానికి పేరుపడ్డ చోటు, నకిలీ విత్తనాల దందా కూడా ఆ పేరు చాటునే నడుస్తుంది. అది పూర్తిగా వ్యవస్థీకృత నేరమే, కత్తి కనపడదు, రైతు మాత్రం మునుగుతాడు. విజయవాడ హైవే మీద గంజాయి రవాణా, రేషన్ బియ్యం, ఇసుక, ప్లాట్ల సెటిల్‌మెంట్లు, అన్నీ ఆ కోవలోవే. ప్రశ్నపత్రాలు అమ్ముకునే ముఠాలను సైతం కొత్త చట్టం 112వ సెక్షన్‌లో చిన్నతరహా వ్యవస్థీకృత నేరం కింద చేర్చింది. పరీక్షలు రాసేవాడివి, ఆ సెక్షన్ విలువ నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక కేసు ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరనుంచి చూపిస్తా. నేను సీసీఎస్‌లో చేసినవాణ్ని, పేర్లు, ఊర్లు పక్కన పెట్టి చెబుతా.

రాత్రి రెండింటికి హైవే పక్కన లారీ ఆపుకొని నిద్రపోతున్న డ్రైవర్‌ను కొట్టి, డబ్బు, సెల్‌ఫోన్ గుంజుకుపోయారు. తలకు కట్టు కట్టించి కూర్చోబెడితే "నలుగురో ఐదుగురో సార్" అంటాడు. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ "నలుగురు" అని రాయబోతాడు. అక్కడ ఆగాలి. నలుగురైతే దోపిడీ, ఐదుగురైతే బందిపోటు దొంగతనం. సెక్షనే మారిపోతుంది, శిక్ష మారిపోతుంది. కానీ డ్రైవర్ నోట్లో "ఐదుగురు" అన్న మాట నువ్వు పెట్టకూడదు. తాగడానికి నీళ్లిచ్చి, క్యాబిన్‌లోకి ఎక్కింది ఎందరు, కింద నిలబడ్డది ఎందరు, బండి దగ్గర ఎవరైనా ఉన్నారా, ఏ భాషలో మాట్లాడుకున్నారు అని ఒక్కొక్కటే అడగాలి. కాసేపటికి అతనే చెబుతాడు: "ఇద్దరు ఎక్కిన్రు సార్, ఇద్దరు కింద ఉన్నరు, ఒకడు అవతల రోడ్డు మీద బండి ఆపకుండా కూసున్నడు." అయిదో మనిషి అలా వస్తాడు.

తెల్లారేసరికి ఒకరు పంతంగి టోల్‌గేటుకు, ఒకరు కొర్లపహాడ్ టోల్‌గేటుకు ఫుటేజీ కోసం పోవాలి. ఆలస్యమైతే పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. ఇంకొకరు ఆ టైంలో ఆ టవర్ కింద తిరిగిన ఫోన్ల లెక్క తెప్పించాలి. వేల నంబర్లు వస్తాయి. కళ్లు మండిపోతుంటే ఎక్సెల్ షీట్ ముందు కూర్చొని, దీనికి ముందు ఇంకో చోట జరిగిన నేరం దగ్గరా కనపడి, ఇక్కడా కనపడిన నంబర్ ఏదో వెతకాలి. దొరికిన రాత్రి మాత్రం టీ రుచి వేరుగా ఉంటుంది, అది ఒప్పుకుంటా. మనుషుల్ని పట్టుకోవడానికి పట్టేది ఆ తర్వాత ఒక గంటో రెండు గంటలో. 2024 జూలైలో హైవే దొంగల ముఠాను నల్లగొండ పోలీసులు పెద్ద అంబర్‌పేట దాకా వెంటాడి, గాల్లోకి కాల్పులు జరిపి పట్టుకున్నారు. టీవీలో వచ్చింది ఆ పరుగు ఒక్కటే. దాని ముందరి టవర్ లెక్కలు, టోల్‌గేట్ ఫుటేజీలు ఏ చానెల్ చూపిస్తుంది? (అన్నట్టు, ఇలాంటి ముఠాలను ఫలానా కులం గ్యాంగు, ఫలానా తెగ గ్యాంగు అని పిలిచే అలవాటు మన శాఖలోనూ పత్రికల్లోనూ ఉంది. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులనే బ్రిటిష్ వాళ్ల చట్టం 1952లోనే పోయింది. ఆ మాట మాత్రం ఇంకా పోలేదు. నువ్వు ఆ అలవాటు చేసుకోకు. దానివల్ల ఒరిగేది ఏమీ లేకపోగా, ఆ వాడల్లో నీకు ఒక్క మనిషీ నోరు విప్పడు.)

పట్టుకున్నాక పని సగం కూడా కాలేదన్నమాట. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. వాడు చూపించిన చోట దొరికిన సొత్తు వరకే ఆ మాట పనికొస్తుంది. సొత్తు పట్టేటప్పుడు పంచనామాకు ఇద్దరు పెద్దమనుషులు కావాలి. "సార్, మళ్లీ కోర్టుకు రావాలా?" అనేది వాళ్లు అడిగే మొదటి ప్రశ్న. ఇప్పుడు సోదా అంతా వీడియో తీయాలి, సెల్‌ఫోన్లు సీల్ చేయాలి, అందులోని సమాచారానికి హాష్ విలువతో (అది మారలేదని తేల్చే గుర్తు సంఖ్య) సర్టిఫికెట్ జతపరచాలి. నిందితులను డ్రైవర్ గుర్తుపట్టే పరేడ్ మేజిస్ట్రేట్ ముందు జరగాలి. అంతకు ముందే ప్రెస్‌మీట్‌లో వాళ్ల ముఖాలు చూపిస్తే, "పేపర్లో ఫోటో చూసి గుర్తుపట్టాడు" అని డిఫెన్స్ లాయర్ ఒక్క మాటతో కేసును పడగొడతాడు. ప్రెస్‌మీట్లో ముసుగులు ఎందుకేస్తారో ఇప్పుడు అర్థమైందా?

పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) గురించి కూడా వినే ఉంటావు. 1986 నాటి చట్టం. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల ఉంచవచ్చు. నకిలీ విత్తనాల వాళ్ల మీదా పెట్టేలా దాన్ని సవరించారు. షార్ట్‌కట్ లాగా కనపడుతుంది. కాగితాలు సరిగా లేకపోతే సలహా మండలిలోనో, హైకోర్టులోనో ఎగిరిపోతుంది. 2023లో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులు దీన్ని ఇష్టారాజ్యంగా వాడుతున్నారని గట్టిగానే మందలించింది.

తుపాకీ మోజు గురించి ఒక మాట. నువ్వు రాయలేదు, కానీ "టాస్క్‌ఫోర్స్" అన్న ప్రతి కుర్రాడి మనసులో అది ఉంటుంది. నయీం చనిపోయిన ఆ షాద్‌నగర్ దగ్గరే, చటాన్‌పల్లిలో, 2019 డిసెంబర్ 6న దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని అందులో ఉంది. ఆ పది మందిలో పెద్ద అధికారులకంటే కింది స్థాయివాళ్లే ఎక్కువ. పూలు చల్లినవాళ్లు వకీలు ఫీజు కట్టరు. ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్‌ఐఆర్, వేరే టీమ్‌తో దర్యాప్తు, మేజిస్టీరియల్ విచారణ తప్పవని, వెంటనే బహుమతులు, ప్రమోషన్లు ఇవ్వకూడదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తుపాకీ కోసమే రావాలనుకుంటే ఈ విభాగానికి రాకు.

పైరవీ సంగతికొద్దాం. ఉంది. లేదని చెబితే నువ్వు నవ్వుతావు. ఫలానా పోస్టింగ్ కోసం ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకొని తిరిగేవాళ్లను చూశాను. కానీ వాళ్లు అడిగేది ఎక్కువగా స్టేషన్ పోస్టింగే, అదీ రాబడి ఉన్న స్టేషన్. సీసీఎస్‌కు పోతానని పైరవీ చేసేవాళ్లు తక్కువ. నిద్ర ఉండదు, పండగ ఉండదు, మహారాష్ట్రకో ఒడిశాకో పోయి లాడ్జిలో పడుకోవాలి, ఖర్చులు ముందు సొంత జేబులోంచి పెట్టుకోవాలి, బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. ఒక పెద్ద కేసు అయి పై నుంచి ఒత్తిడి మొదలైతే ఎస్పీ అడిగేది ఒక్కటే: "ఎవర్రా ఆ ఫోన్ల లెక్కలు చూసే కుర్రాడు? ఆ బోర్డర్ ఊళ్లలో మనుషులు తెలిసింది ఎవరికి?" ఆ రెండు ప్రశ్నల్లో ఒకదానికి నీ పేరు జవాబుగా వచ్చేలా చేసుకుంటే చాలు. కాబట్టి మొదటి రెండు మూడేళ్లు స్టేషన్‌లో మూడు పనులు నేర్చుకో. కేస్ డైరీ ఏ రోజుది ఆ రోజే రాయడం, టెక్నికల్ ఆధారాలు చదవడం, మనుషుల్ని సంపాదించడం. మూడోది అన్నిటికంటే కష్టం. పాన్‌డబ్బా అతను, లాడ్జి మేనేజర్, డాక్యుమెంట్ రైటర్, బంగారం కొనే సేటు, వీళ్లు నీకు ఊరికే ఏదీ చెప్పరు. వాళ్ల చిన్న కంప్లైంట్ నువ్వు మర్యాదగా తీసుకున్నావని గుర్తుంటేనే చెబుతారు. మనుషుల్ని సంపాదించడంలో ఒక ప్రమాదమూ ఉంది. సమాచారం ఇచ్చేవాడు నెమ్మదిగా నీ భుజం మీద చెయ్యేసి, నిన్నే వాడుకోవడం మొదలుపెడతాడు. వాడి పెళ్లిలో నీ ఫోటో, వాడి ఫ్లెక్సీలో నీ పేరు రాకుండా చూసుకో. ఇన్‌ఫార్మర్ దగ్గర చాయ్ కూడా తాగొద్దని మాకు ఒక పాత సీఐ చెప్పేవాడు. అప్పట్లో చాదస్తం అనుకునేవాళ్లం.

మీ చిన్నాయన భూమి విషయం నువ్వు ఉద్యోగంలో చేరేదాకా ఆగనక్కర్లేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే కంప్లైంట్‌ను రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపవచ్చు. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ నాలుగో సబ్‌సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. కంప్లైంట్ నువ్వే రాసిపెట్టు, కానీ "కొందరు రౌడీలు బెదిరించారు" అని ఒక్క ముక్కలో తేల్చకు. ఏ తారీఖు, ఎన్నింటికి, కారు రంగు, నంబర్‌లో గుర్తున్న అంకెలు, వాళ్లు అన్న మాటలు అన్నది అన్నట్టుగా, ఆ టైంలో వాకిట్లో ఇంకా ఎవరున్నారు, తర్వాత ఏ నంబర్ నుంచి ఫోన్లు వచ్చాయి, అన్నీ పెట్టు. పాసుపుస్తకం జిరాక్సు జత చెయ్యి. ఒక్కడివే వెళ్లి ఆ మనుషులతో మాట్లాడే పని మాత్రం పెట్టుకోకు. ఇప్పుడు నీ మీద ఇంకొక కేసు పడితే నేను మొదట చెప్పిందంతా నీళ్లపాలు.

అమ్మ భయం న్యాయమైనదే, దాన్ని తీసిపారెయ్యకు. అయితే ప్రమాదం అంతా స్పెషల్ టీముల్లోనే ఉందనుకోవడం సరికాదని ఆమెకు చెప్పవచ్చు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండ్‌లో రాత్రి తనిఖీ చేస్తూ తూటాలకు బలైంది ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు. వాళ్లు ఏ ప్రత్యేక దళమూ కాదు. దొంగల కోసం బస్సులు చూస్తుంటే, ఎదురుపడింది జైలు నుంచి పారిపోయిన, నిషేధిత సంస్థ సిమి మనుషులు. రెండు మూడు రోజులకు జానకీపురం దగ్గర జరిగిన కాల్పుల్లో మరో కానిస్టేబుల్ చనిపోయాడు. గాయపడ్డ ఎస్సై ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఖాకీ వేసుకున్న రోజే ఆ భయం ఇంట్లోకి వస్తుంది, ఏ టీమ్ అయినా. ఇంకో నిజం కూడా ఆమెకు చెప్పు: సీసీఎస్‌లో నువ్వు ఎక్కువగా పోగొట్టుకునేది నిద్ర, పెళ్లిళ్లు, పిల్లల పుట్టినరోజులు. జీతం సంగతి అడిగితే, 2022 నోటిఫికేషన్ ప్రకారం ఎస్సై స్కేలు 42,300 రూపాయల బేసిక్‌తో మొదలు. ఇవన్నీ విన్నాక కూడా ఆమె టీచర్ ఉద్యోగమే మేలంటే, పూర్తిగా తప్పని నేనైతే అనను.

పరీక్ష గురించి కోచింగ్ సెంటర్లు నాకంటే బాగా చెబుతాయి కాబట్టి తొందరగా చెప్పి ముగిస్తా. ప్రిలిమినరీ, తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, ఆపైన ఫైనల్. మగవాళ్లకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు. 2022లో 1600 మీటర్ల పరుగుకు 7 నిమిషాల 15 సెకన్లు, లాంగ్‌జంప్ 4 మీటర్లు, షాట్‌పుట్ 6 మీటర్లు పెట్టారు. పరుగులో పోయేవాళ్లు ఎక్కువమంది పరీక్షకు నెల ముందు మొదలుపెట్టినవాళ్లే. నువ్వు ఈ వారమే మొదలుపెట్టు, చెరువు కట్ట మీదైనా సరే, కాకపోతే గట్టి నేల మీద చెప్పులతో కాదు. ఎస్సై ఫైనల్‌లో ర్యాంకు తేల్చేవి అరిథ్‌మెటిక్, జనరల్ స్టడీస్. ఇంగ్లిష్, తెలుగు పేపర్లలో పాసైతే చాలు. అలాగని తెలుగు పేపర్‌ను చిన్నచూపు చూడకు, రేపు నువ్వు రాసే వాంగ్మూలాలన్నీ ఆ భాషలోనే. ఎస్సై ఒక్కదాన్నే పట్టుకొని ఏళ్లు కూర్చోవద్దు. కానిస్టేబుల్‌కూ రాయి, ఇంటర్ చాలు. సీసీఎస్‌ల్లో నిజంగా ముఠాలను పట్టేది చాలావరకు కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లే, ఎస్సైలు మూడేళ్లకు మారిపోతుంటారు. డిగ్రీ వాళ్లకు కేంద్ర ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష కూడా రాయి. సీబీఐలో, ఎన్‌ఐఏలో ఎస్సై పోస్టులు ఆ పరీక్షతోనే వస్తాయి. దేశం మొత్తం తిప్పుతారు, అది ఒక్కటి చూసుకో.

ఇక చివరగా కాగితాలు. ఎస్సై పోస్టు జోన్ స్థాయిది, కానిస్టేబుల్ జిల్లా స్థాయిది. నీది జోగుళాంబ జోన్. లోకల్ కోటా కింద రావాలంటే ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావో బోనఫైడ్‌లు చూపించాలి. మధ్యలో ఏదైనా ఏడాది హైదరాబాద్ బడిలో చదివి ఉంటే లెక్క జాగ్రత్తగా చూసుకో. చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే, ఆ రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి ఆఫీసులో ఇప్పుడే అడిగి పెట్టుకో. నోటిఫికేషన్ వచ్చిన వారం అక్కడ లైన్ బయట రోడ్డు దాకా ఉంటుంది.